పాలు తాగితే కడుపు ఉబ్బుతోందా?

పాలు తాగిన గంట రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి నీళ్ల విరేచనాలు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అవుతుంటే ‘గ్యాస్’ అనుకుని మాత్రలు కొనేయకండి. జవాబు వేల ఏళ్ల నాటి పశువుల పెంపకంలో ఉండొచ్చు.

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్, చిన్నపేగు లోపలి పొరలో తయారవుతుంది. తల్లిపాలు తాగే వయసులో దాదాపు ప్రతి బిడ్డలోనూ అది పుష్కలం. ఆ వయసు దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. ఆవు, మేక, కుక్క... అన్నిటిలోనూ ఇంతే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఆ గుడగుడలు అవే. అంటే పెద్దయ్యాక పాలు పడకపోవడం జబ్బు కాదు, మనిషి అసలు తీరే అది. పాలు అరగడమే తర్వాత వచ్చిన మార్పు.

పశ్చిమాసియాలో సుమారు 9 వేల ఏళ్ల నాటి కుండపెంకుల్లో పాలకొవ్వు ఆనవాళ్లు దొరికాయి. లాక్టేజ్ ఆగిపోకుండా చూసే జన్యుమార్పు మాత్రం వేల ఏళ్ల తర్వాతే జనంలో బాగా వ్యాపించింది. కారణం కరవులు, అంటువ్యాధులు అయి ఉండొచ్చని 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చెబుతోంది. తిండి దొరికే రోజుల్లో పాలు పడకపోతే కడుపునొప్పితో పోతుంది. బక్కచిక్కిన మనిషికి అదే విరేచనమైతే ప్రాణం మీదికి వస్తుంది. తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో ఇదే పని చేసే వేరే మార్పులు విడిగా పుట్టాయి.

మన దేశం సంగతికొస్తే, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న పరిశోధన 2012లో వెలువడింది. రెండు వేలమందికి పైగా నమూనాలు పరీక్షిస్తే, యూరప్‌లో ఉన్న మార్పే ఇక్కడా కనిపించింది. వాయవ్యంలో ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ. కానీ నీలగిరుల్లో గేదెలు మేపుకునే తోడాల్లో మాత్రం చాలా ఎక్కువ! దిక్కు ఒక్కటే కాదు, తరతరాల పాడి కూడా లెక్కే.

మరి మా పాడేరు కొండల్లో? చాలా గిరిజన ఊళ్లలో పశువులున్నా, అవి దుక్కికి, ఎరువుకు. పాలు దూడవే అనుకుంటారు, పితికే అలవాటు తక్కువ. తరాల తరబడి పాలు తాగని చోట ఆ జన్యుమార్పు పెరగడానికి కారణమే లేదు. మైదానం నుంచి బదిలీపై వచ్చే మేమేమో బలహీనంగా కనిపించిన ప్రతి పిల్లాడికీ ‘రోజూ గ్లాసు పాలు’ అని చీటీ మీద రాసేస్తాం. వాడు వద్దంటే మొండి అంటాం. మీ ఇంట్లోనూ పిల్లలు పాలగ్లాసు చూసి పారిపోతుంటే, కోప్పడే ముందు కడుపులో ఎలా ఉందో అడగండి.

అలాగని పాలు పూర్తిగా మానేయనక్కర్లేదు. ఎంజైమ్ తగ్గినవాళ్లలోనూ చాలామంది అరగ్లాసు, అదీ అన్నంతోనో టిఫిన్‌తోనో తీసుకుంటే తట్టుకుంటారు. పెరుగు ఇంకా నయం. తోడు వేసినప్పుడు కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది, మిగిలినదాన్ని అరిగించడంలో ఆ బ్యాక్టీరియాయే సాయపడుతుంది. మన పెద్దలు పాలను పెరుగు, మజ్జిగ చేసుకున్నది ఊరికే కాదు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పాలలో కలిపే పొడులతో మాత్రం లాక్టోజ్ తగ్గదు.

కాల్షియం భయం వద్దు. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతే ఆవుపాలలో 120 వరకే. రాగుల కాల్షియం ఒంటికి కాస్త తక్కువగా పడుతుంది గానీ అంబలి రోజూ తాగేవాళ్లకు అది మంచి ఆధారమే. నువ్వులు, మునగాకు, ముల్లుతో తినే చిన్న ఎండుచేపలూ ఉన్నాయి.

అనుమానముంటే రెండు వారాలు పాలు ఆపి, మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి చూడండి. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, విరేచనాలకు రాత్రిళ్లు మెలకువ వస్తున్నా అది పాల వల్లే అనుకుని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. పాలు తాగగానే దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ, దాని దారి వేరు. విరేచనాలయ్యాక పసిపిల్లలకు కొన్నాళ్లు పాలు పడకపోవచ్చు, పేగు కోలుకుంటే సర్దుకుంటుంది. అప్పుడు కూడా తల్లిపాలు మాత్రం ఆపకండి.