సంచి ఆయుష్షు కుట్టులో ఉంది

ఆర్టీసీ కండక్టర్ భుజాన వేలాడే తోలు సంచిని ఎవరూ ఫ్యాషన్ అనరు. డిపోలో భుజానికెక్కిందంటే డ్యూటీ దిగేదాకా దిగదు. చిల్లర బరువు, చెమట, రద్దీలో ఒరిపిడి, కిటికీలోంచి కొట్టే జల్లు... అన్నీ దానిమీదే. టికెట్ల కట్టలు పోయి చేతికి మిషన్లు వచ్చినా అది మాత్రం ఉద్యోగం మానలేదు. పోస్ట్‌మ్యాన్ ఖాకీ సంచిదీ ఇదే కోవ. సెలవురోజు అనంతగిరి అడవిలో నడవడానికో, కొల్లేటి గట్టున ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికో బయల్దేరేవాళ్లు ఇప్పుడు గట్టి భుజం సంచి కోసం ఆన్‌లైన్‌లో గంటలకొద్దీ వెతుకుతున్నారు. ఒంటికి అడ్డంగా వేసుకునే పట్టీ, ఒంటిచేత్తో తెరుచుకునే మూత, మడిచి కుట్టిన అంచులు: కావలసిన గుణాలన్నీ ఆ రెండు సంచుల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి.

వీపు సంచి ఉండగా ఇదెందుకంటే, కిందికి దించకుండానే చెయ్యి లోపలికి పోతుంది. బైనాక్యులర్స్ తీయాలన్నా, నీళ్లు తాగాలన్నా నడక ఆపక్కర్లేదు. అయితే దీనికో హద్దుంది. లీటరు నీళ్లే కిలో తూగుతాయి. బరువంతా ఒక భుజం మీదే కాబట్టి మొత్తం మూడు నాలుగు కిలోలు దాటుతుందనుకుంటే వీపు సంచే మేలు. (కోతులున్న గుట్టలకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట: జిప్పు తీయడం వాటికి బాగా వచ్చు. మూతమీద బకిల్ ఉంటే కాస్త ఆలస్యమవుతుంది, అంతే.)

షాపులో మొదట వినబడే మాట డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 డెనియర్ నైలాన్ అంటే తొమ్మిది కిలోమీటర్ల పోగు కిలో తూగుతుందన్నమాట. రాళ్లెక్కేవాళ్లకు అది సరే గానీ, రోజూ తిరగడానికి 500 చాలు, తేలిక కూడా. అంకె కంటే ముందు అది నైలానా, పాలిస్టరా అని అడగాలి. రాపిడికి నైలాన్ గట్టిది, ఎండకు పాలిస్టర్ గట్టిది. మన ఎండలకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

నూలు కాన్వాస్ కథ వేరు. తడిస్తే పత్తి పోగు బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. ఉబ్బి సందులు కూడా మూసేస్తుంది. ఒకప్పుడు లారీలకు, జీపులకు వేలాడదీసిన కాన్వాస్ నీళ్ల సంచులు కారిపోకుండా నీళ్లను పట్టి ఉంచింది ఈ గుణంతోనే. కష్టమల్లా ఆరబెట్టడంలో ఉంది. శ్రావణంలో రెండ్రోజులు తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. మైనం పట్టించిన కాన్వాస్ అని ఖరీదైనది ఇంకొకటి దొరుకుతుంది. అది ఇంగ్లండ్ లాంటి చలిదేశపు వానలకు పుట్టింది. రామగుండం మే నెలలో వేసుకుంటే మైనం మెత్తబడి తెల్లచొక్కా మీద మరక తేలుతుంది. ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

ఇంగ్లండ్‌లోనే 1973లో మార్టిన్ బిల్లింగ్‌హామ్ చేపలు పట్టేవాళ్ల కోసం సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. వాటిని న్యూయార్క్ ఫొటోగ్రాఫర్లు కెమెరాల కోసం కొనుక్కుపోతున్నారని తెలిశాక కంపెనీ దారే మారిపోయింది. స్విట్జర్లాండ్‌లో మార్కస్, డానియెల్ ఫ్రైటాగ్ అనే అన్నదమ్ములది ఇంకో దారి. గ్రాఫిక్ డిజైనర్లైన ఆ ఇద్దరికి సైకిల్ మీద వెళ్తున్నా వానకు తడవని సంచి కావాలి. జూరిక్‌లో వాళ్ల కిటికీ ఎదుటి రోడ్డు మీద లారీలు పోతుండేవి. 1993లో వాడేసిన లారీ టార్పాలిన్‌తో సంచి, పాత సీట్‌బెల్ట్‌తో పట్టీ, సైకిల్ ట్యూబుతో అంచు చేశారు. ఆ తరహా సంచి తర్వాత న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలోకీ చేరింది. ఆ టార్పాలిన్, బెల్టు, ట్యూబు అన్నీ విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి, కుట్టే చేతులతో సహా.

గుడ్డ గురించి ఇంత చెప్పినా, సంచి చచ్చేది గుడ్డ చిరిగి కాదు. పట్టీ కలిసేచోట కుట్టు ఊడి. అడుగు పడ్డప్పుడల్లా బరువు కిందికి గుంజుతుంది. ఆ గుంజుడంతా నాలుగు సూది రంధ్రాల మీద పడితే రంధ్రం సాగుతుంది, దారం అరుగుతుంది, ఒకరోజు పట్టీ చేతికొస్తుంది. అందుకే కొనేముందు సంచిని తిరగేసి లోపల చూడాలి. పట్టీ చివరను పక్కకుట్టులో దూర్చి వదిలేశారంటే అది అమ్మకానికి చేసిన సరుకు. సంచి ఒంటిమీద కొంతమేర కిందికి దించి, చుట్టూ చతురస్రంగా, లోపల ఇంటూ గుర్తులా కుట్టారంటే వాడకానికి చేసింది. కుట్లు మరీ దగ్గరదగ్గరగా ఉన్నా ప్రమాదమే, ముఖ్యంగా తోలుకు. వరసగా పడ్డ రంధ్రాల వెంట తపాలా బిళ్లల్లా చిరుగుతుంది. అడుగు మూలలు, లోపలి అంచులకు వేసిన పట్టీ కూడా వేలితో తడిమి చూడాలి. అస్తరు వేసి కుట్లన్నీ దాచేసిన సంచి ఎంత అందంగా ఉన్నా నాకు అనుమానమే.

జిప్పు విషయానికొస్తే, 5, 8, 10 అన్న నంబర్లు మూసిన పళ్ల వెడల్పును ఇంచుమించు మిల్లీమీటర్లలో చెబుతాయి. మెయిన్ జిప్పు 8 ఉంటే నిశ్చింత. జిప్పు వేసినా వెనకాలే విచ్చుకుంటోందంటే చాలాసార్లు తప్పు పళ్లది కాదు, సాగిన రన్నర్‌ది. పటకారుతో మెల్లగా నొక్కితే కొంతకాలం పనిచేస్తుంది. తర్వాత రన్నర్ మార్పిస్తే సరి, జిప్పంతా మార్చాల్సిన పనిలేదు.

పట్టీ ఊడితే దర్జీ దగ్గరకు వెళ్లకండి, చొక్కాలు కుట్టే మిషన్ అంత మందాన్ని మోయలేదు. బండి సీట్లు కుట్టేవాళ్లో, చెప్పులు కుట్టేవాళ్లో దీనికి సరైనవాళ్లు. నవారు ముక్క అడ్డం వేసి కుట్టమనండి. రంధ్రాలు సాగిన పాతచోటే మళ్లీ కుట్టిస్తే నిలవదు.

వైద్యం లేని జబ్బు ఒక్కటే. వాన ఆగడానికి నైలాన్ లోపల పూసే పాలీయురేథేన్ పొర తేమకు, వేడికి విరుగుతుంది. ముందు జిగటగా, తర్వాత పొట్టులా రాలుతుంది. విశాఖ, కాకినాడ ఇళ్లలో బీరువాలో భద్రంగా దాచిన సంచికే ఇది ముందు వస్తుంది. గాలి తగిలేలా కొక్కేనికి వేలాడదీస్తే ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. అలా పోయిన సంచిని పారేసేముందు బకిళ్లు, రన్నర్లు, పట్టీ విప్పి ఉంచుకోండి. సీట్లు కుట్టేచోట రెండు గజాల టార్పాలిన్ కొంటే కొత్త సంచికి అవే పనికొస్తాయి.