మూసిన డబ్బాలో విత్తనపు వడ్లు

విత్తనపు వడ్లను రేకు డబ్బాలో పోసి మూత బిగించినచో తేమ చేరదని రైతు సోదరులు పలువురు తలంతురు. వెలుపలి తేమ చేరదనుట నిజమే. కాని గింజలోని తేమ వెలుపలికి పోవు దారియు నుండదు.

మూసిన పాత్రలో నీరున్నచో దాని యావిరి యొక మితమువరకు నిండి నిలుచును. ఆ యావిరి పీడనము 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియందు పాదరసపు కొలతను సుమారు 17.5 మిల్లీమీటర్లు, 30 డిగ్రీలయందు 32, 40 డిగ్రీలయందు 55. అనగా వేడిమి 20 డిగ్రీలు హెచ్చినచో పీడనము మూడింతలు దాటును.

కావున పచ్చి యారని వడ్లున్న డబ్బా పగటి యెండకు కాగినపుడు గింజలనుండి యావిరి వెడలును. రాత్రి రేకు చల్లబడగా నదియే మూత యడుగున నీటిబొట్లై మరల గింజలపై బడును. అచ్చట బూజు పుట్టి మొలక చెడును.

విత్తనపు వడ్లకు సంచులలో నూటికి 13 పాళ్ల తేమవరకు ఉండవచ్చును; ఆవిరి చొరని డబ్బాలలో 8 పాళ్లకు మించరాదు. ధాన్యపు కొనుగోలు కేంద్రమున తేమ యంత్రముతో చూపించుకొనుడు. అంతగా నెండనిచో గోనెసంచియే మేలు. ఎండిన వడ్లను చల్లార్చి మూయుడు; డబ్బాను ఎండ తగులనిచోట పీటపై నుంచుడు. మూత లోపల తేమ కనబడినచో వెంటనే మరల నెండబెట్టుడు. విత్తనము చెడినదని నారుమడిలో తెలిసికొనుటకంటె మూతక్రింద తెలిసికొనుట మేలు గదా!