వెలుగుతో మిషన్ జబ్బు కనిపెట్టడం

పొదిలి చుట్టుపక్కల రైసుమిల్లులోనైనా, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలోనైనా మోటారు అదిరితే ముందు చేసేది బేరింగు మార్చడం. కొన్నాళ్లకు మళ్లీ అదే మోత, మళ్లీ అదే ఖర్చు. హాస్టల్లో ఉండి ఐ.టి.ఐ., డిప్లొమా చదివి పనుల్లో చేరిన మేము ఇది చాలాచోట్ల చూశాం. అదురు ఎంత ఉందో కొలిస్తే చాలదు తమ్ముళ్లూ, ఏ క్షణంలో ఎటు అదురుతోందో కూడా తెలియాలి. దీన్నే ఫేజ్ అంటారు.

ఇందుకు స్ట్రోబ్ లైటు వాడతారు. షాఫ్టు మీద సుద్దతో ఒక గీత గీస్తారు. షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా లైటు ఒక్కసారి మెరిస్తే గీత కదలకుండా కనబడుతుంది. 1930లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ మోటార్ల పరిశీలనకు ఇలాంటి లైటే వాడారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక నాలుగు పోళ్ల మోటారు లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. లోడు మీద 1440 తిరుగుతోందనుకుందాం. లైటును 1500 దగ్గర పెడితే గీత సెకనుకు ఒక చుట్టు చొప్పున వెనక్కి నడుస్తుంది. పరీక్షకు బట్టీపట్టిన స్లిప్పు ఇదే!

లైటు సగం వేగంతో మెరిసినా గీత ఆగినట్టే ఉంటుంది. అందుకని మెరుపులు రెట్టింపు చేసి చూడాలి. రెండు గీతలు కనబడితే ముందు పెట్టినదే అసలు వేగం.

ఫేజ్ కోసం బేరింగు మీద పికప్ పెట్టి, ఆ అదురుతోనే లైటు మెరిసేట్టు చేస్తారు. గీత గడియారం ముల్లులా ఒకచోట నిలుస్తుంది. పికప్‌ను నిలువు నుంచి అడ్డానికి మార్చినప్పుడు గీత సుమారు 90 డిగ్రీలు, అంటే మూడు గంటలంత జరిగితే బరువు ఒక పక్కకు ఉందని అనుమానించాలి. కప్లింగుకు ఇటూ అటూ షాఫ్టు పొడవు దిశలో చూసినప్పుడు 180 తేడా వస్తే మోటారు, పంపు ఒక వరసలో లేవేమో చూడాలి. పికప్ ముఖం తిప్పి పెడితే 180 దానంతటదే కలుస్తుంది, దాన్ని తీసేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. గీత నిలకడ లేకుండా ఊగితే ముందు బోల్టులు బిగించి చూడండి.

బరువు దోషమైతే చిన్న ట్రయల్ బరువు బిగించి మళ్లీ నడుపుతారు. అదురు, గీత ఎంతెంత మారాయో కాగితం మీద బాణాలుగా గీసి లెక్క కడతారు. ఇంటర్ ఫిజిక్సులోని సదిశలే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ వెలుగులో షాఫ్టు ఆగినట్టు కనిపిస్తుంది గానీ ఆగదు. చెయ్యి పెట్టకూడదు, మెడలో తువ్వాలు ఉండకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ మెరుపుల దగ్గరకు రాకూడదు. పాత చోకు ట్యూబులైటు కూడా సెకనుకు 100 సార్లు మెరుస్తుంది. అందుకే లేత్ షెడ్డుల్లో పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజులకు కలుపుతారు.