నాపబండల ఇంట్లో లక్షల స్పీకర్లు

హైదరాబాదు షోరూములో స్పీకర్లు వినిపించే గదికి నేలంతా తివాచీ, గోడలకు మందపాటి మెత్తలు. ఏసీ ఉన్నట్టే తెలియదు. తబలా మీద వేలు ఎక్కడ తాకిందో కూడా వినిపిస్తుంది. అప్పు చేసైనా కొనేద్దామనిపిస్తుంది. అదే జతను కర్నూలుకో కడపకో తెచ్చి హాల్లో పెడితే పాట ఖంగుమంటుంది, మాట మీద మాట పడుతుంది. స్పీకర్లలో లోపమేమీ లేదు, తేడా అంతా గదిలోనే.

మన ఇళ్లు ఎలా ఉంటాయి? కింద బేతంచెర్ల బండో, నున్నగా పాలిష్ పట్టిన నాపరాయో. పైన కాంక్రీటు స్లాబు, పక్కన గాజు కిటికీలు. ఎండాకాలం కాళ్లకు చల్లగా తగిలే ఆ రాయి, ధ్వనిలో నూటికి ఒకటి రెండు పాళ్లే పీల్చుకుని మిగతాదంతా వెనక్కి కొడుతుంది. పాత మట్టి మిద్దెల్లో ఈ బాధ తక్కువ. దూలాలు, దంతెలు, మట్టి పూసిన గోడలు, మూలన ధాన్యం మూటలు, దండెం మీద బట్టలు... మోత వాటిలోనే అణిగిపోయేది. 1890ల్లో హార్వర్డులో భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబీన్ చేసిన పనీ ఇలాంటిదే. కుర్చీల మెత్తలు తెచ్చి ఒక హాల్లో పరిచి, మోత ఎంతసేపటికి ఆరుతుందో కొలిచాడు. గదుల ధ్వనికి లెక్క అక్కడే పుట్టింది.

బేస్ మరో చిక్కు. పన్నెండడుగుల చదరపు గదిలో 47 హెర్ట్జ్ దగ్గరి ధ్వని నాలుగు గోడల మధ్యా నిలిచిపోయి గుంయ్‌మంటుంది. పెద్ద ఊఫర్లున్న ఖరీదైన స్పీకర్లు సరిగ్గా ఆ లోతుకే దిగుతాయి. చిన్నవి అంత కిందికి పోవు కాబట్టి అలాంటి గదిలో వాటి పాటే శుభ్రంగా ఉంటుంది. కష్టార్జితం పోసి మోతను కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఖర్చు అక్కడితో ఆగదు. 90 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకు వచ్చే ధ్వని స్థాయి) ఉన్న స్పీకరుకు 25 వాట్లు చాలినచోట, 84 ఉన్నదానికి 100 వాట్లు కావాలి. అంటే యాంప్లిఫయరూ పెద్దదే. కోను చుట్టూ ఫోమ్ అంచుంటే పది పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. రిపేరొస్తే ఆ బరువును హైదరాబాదుకో బెంగళూరుకో మోయాలి.

అసలు వినేదేమిటి? మన కడప జిల్లా వాడైన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' 1951 నాటిది. అప్పటి పాటలు మోనో రికార్డింగులు. కుడి ఎడమల విశాలత వాటిలో లేదు. స్పీకరు ఎంత మంచిదైతే పాత రికార్డు గరగర అంత స్పష్టంగా బయటపడుతుంది. పైగా మే నెలలో ఫ్యాను, కూలరు ఆపి ఎవరు కూర్చోగలరు? డబ్బు పెట్టి కొన్న సన్నని నాదమంతా ఆ హోరులో కలిసిపోతుంది.

మంచి స్పీకర్లు వద్దనడం లేదు. ముందు హాల్లో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఖంగుమంటే మందపాటి తివాచీ పరచండి, బరువైన కర్టెన్లు వేయండి, గోడకు బొంత వేలాడదీయండి. వీటితో బేస్ మోత తగ్గదు. దానికోసం స్పీకర్లను మూలల్లో కాక కాస్త ముందుకు పెట్టేలా చోటు చూసుకోవాలి. ఆ తర్వాత కొట్టుకు వెళ్లండి. మీ గదిలో, ఫ్యాను తిరుగుతుండగా, మీరు రోజూ వినే పాటతోనే వినిపించమని అడగండి. ఒప్పుకోకపోతే బయానా ఇవ్వకండి.