బండ్ల షెడ్డులో మా చెల్లెలు

పొద్దున్నే ఉగ్గానికి బొరుగులు నానేస్తుంటే కడప నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, పరీక్ష పాసయినా!" అని ఒకటే అరుపు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. పదో తరగతి పిల్ల మాదిరి గంతులేసింది.

మా చెల్లెలు మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. పెళ్ళయ్యాక ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. 2020లో కరోనాకు స్కూలు మూతపడింది, జీతమూ ఆగింది. అప్పుడే ఇన్సూరెన్సు సర్వేయరు కావాలని నిశ్చయించుకుంది. గుద్దుకున్న బండినో, మునిగిన దుకాణాన్నో చూసి నష్టం ఎంతో లెక్క కట్టే పని అది.

సర్వేయరు అన్న మాట వింటే చాలు, మా అత్తగారి మొహం మాడిపోయేది. దానికో కథ ఉంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు కొత్త కోడల్ని. పాతబస్తీలో మా మామగారి బట్టల దుకాణం నీళ్ళపాలయింది. పండుగకు తెచ్చిన చీరలన్నీ బురద ముద్దలు. పాలసీ 4 లక్షలకుంది, నష్టం 6 లక్షలు. నాలుగూ వస్తాయనుకున్నాం. చేతికొచ్చింది మూడు లక్షల లోపే. లంచం ఇయ్యలేదని ఆ సర్వేయరే తగ్గించేసినాడని మామగారు నమ్మారు. ఆ కసితోనే పోయారు.

ఇక చెల్లెలి చదువు సంగతి. ఈ పనికి ఇంజనీరింగో, సి.ఎ.నో, అలాంటి అర్హత ఏదో ఉండాలి. లైసెన్సున్న సర్వేయరు దగ్గర పన్నెండు నెలలు శిక్షణ పొందాలి. ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ లైసెన్సు ఇస్తుంది. వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి పుస్తకం తెరిచేది మా చెల్లెలు. "నిద్ర కంటే ఇంగ్లీషే ఎక్కువ ఏడిపిస్తాండాదక్కా" అనేది.

దసరా సెలవులకు పుస్తకాలతో సహా మా ఇంటికొచ్చింది. ఓ మధ్యాహ్నం అత్తగారు చాటలో బియ్యం చెరుగుతున్నారు. ఇది పక్కన కూచుని 'యావరేజి' షరతు గురించి నాకు పాఠం చెబుతోంది. "దుకాణంలో 8 లక్షల సరుకుండి 4 లక్షలకే పాలసీ తీసుకుంటే, సగానికే బీమా చేసినట్టు. 6 లక్షల నష్టమొస్తే అందులో సగం, మూడు లక్షలే ఇస్తారు" అంది.

చాట ఆగిపోయింది.

అత్తగారు లేచిపోయి పెట్టె అడుగు నుంచి ఆనాటి కాగితాలు తెచ్చారు. చెల్లెలు ఓపిగ్గా చదివింది. సరుకు విలువ దాదాపు ఎనిమిది లక్షలని సర్వేయరు రాశాడు. అందులో మా భాగం కోత తీసేస్తే వచ్చే లెక్కే మాకు వచ్చింది.

"అయితే ఆ పొద్దు ఆయప్ప మనల్ని మోసం చేయల్యా?" అన్నారు అత్తగారు.

"చేయలేదత్తా. కానీ ఎందుకు తగ్గిందో ఒక్క మాట చెప్పింటే బాగుండేది."

పదేళ్ళకు పైగా ఇంట్లో ఉన్న కసి ఆ పొద్దు కొంచెం కరిగింది. ఆ మాట మామగారికి వినిపించలేకపోయామే అన్న బాధ మాత్రం మిగిలింది.

ఇప్పుడు మా చెల్లెలు బండ్ల షెడ్డులకు పోతోంది. మొదట్లో "సారు రాలేదామ్మా?" అని అడిగేవారట. కడప బండల లోడుతో బోల్తాపడిన లారీ కిందికి వంగి చాసిస్ చూసి, ఏ భాగం ప్రమాదంలో విరిగింది, ఏది పాత తుప్పో విడదీసి చెప్పినాక మేస్త్రీలే కుర్చీ వేస్తున్నారు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీలో సగం ధరే వస్తుందని, గాజుకు కోత లేదని బండి యజమానికి ముందే వివరిస్తుంది. "డబ్బు తగ్గితే బాధపడతారు, కారణం తెలియకపోతే శాపం పెడతారు" అంటుంది.

ఇంజనీరింగ్ చదవని మనలాంటివాళ్ళకూ దారి ఉంది. ఏజెంటు పరీక్షకు పదో తరగతి చాలు. పుస్తకం తెలుగులోనూ దొరుకుతుంది.

ఉద్యోగం చేయకపోయినా ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. నష్టం జరగ్గానే కంపెనీకి తెలపండి. సర్వేయరు చూడకముందే రిపేరు చేయించకండి. సర్వేయరు ఫీజు కంపెనీయే ఇస్తుంది, మీరు ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు. బిల్లుల నకళ్ళు మరో చోట దాచండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా న్యాయం జరగకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫీజు లేదు.

మొన్న అత్తగారు ఇంటి పాలసీ నా చేతిలో పెట్టి, "ఎంతకు చేసినారో సరిగా చూడు" అన్నారు. మరి మీ ఇంటి పాలసీ కాగితం ఎక్కడుందో మీకు తెలుసా?