తడి కర్చీఫ్‌లో దాగిన లెక్క

ముందుగా ఒక చిన్న పని చేయండి. పొడి కర్చీఫ్‌ని నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. గాలి హాయిగా పోతుంది కదా. ఇప్పుడు దాన్నే నీళ్లలో ముంచి ఊదండి. అంత తేలిగ్గా పోదు, గట్టిగా ఊదాలి. గుడ్డ అదే, గాలి అదే. మారిందల్లా సన్నని సందుల్లో నీళ్లు చేరడమే. వాటిని నెట్టడానికి కొంత ప్రెషర్ కావాలి. సందు ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ. దీన్నే కేపిలరీ ప్రెషర్ అంటారు.

ఇప్పుడు నార్వే వెళ్దాం. అక్కడ ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం ఉంది. సహజవాయువుతో పాటు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోకి వదలకుండా, 1996 నుంచి సముద్రం అడుగున ఉట్సిరా అనే ఇసుకరాతి పొరలోకి పంపడం మొదలుపెట్టారు. ఆ రాతి రంధ్రాల నిండా ఉప్పునీరే. మరి ఆ గ్యాస్ మళ్లీ పైకి వచ్చేస్తే? పడ్డ కష్టమంతా దండగే!

అందుకే లెక్క కావాలి. 1856లో ఫ్రాన్స్ ఇంజినీరు హెన్రీ డార్సీ ఒక సూత్రం చెప్పాడు: ప్రెషర్ తేడా పెరిగిన కొద్దీ ఇసుకలో నీటి ప్రవాహం పెరుగుతుంది. కానీ అది ఒక్క ద్రవానికే. రెండు ఉంటే చెరి సగం దారి వస్తుందని నేను మొదట్లో అనుకున్నా. తప్పు! ఒకదానికొకటి అడ్డం పడతాయి. రెండింటి దారులూ కలిపినా మామూలుగా మొత్తం కంటే తక్కువే. దీని పేరు రిలేటివ్ పర్మియబిలిటీ.

కాబట్టి మోడల్‌లో ఒక్కోదానికీ ఒక్కో డార్సీ సూత్రం రాస్తారు. లోపలికి వచ్చినదాంట్లోంచి బయటికి పోయింది తీసేస్తే మిగిలింది అక్కడే ఉండాలి. నీటి వాటా, గ్యాస్ వాటా కలిపితే 1 అవ్వాలి. రెండింటి ప్రెషర్ తేడాయే కేపిలరీ ప్రెషర్. కంప్యూటర్ రాతిని గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ ఈ లెక్క చేస్తుంది.

మరి స్లైప్నర్‌లో ఏమైంది? 1999 సర్వేలో చూస్తే గ్యాస్ మధ్యలో ఉన్న పల్చటి షేల్ పొరల్ని దాటి, ఇసుకరాతి పైభాగం దాకా చేరిపోయింది! అంటే ఆ పల్చటి పొరలు పూర్తిగా ఆపలేవన్నమాట. మోడల్స్‌ని దానికి తగ్గట్టు దిద్దుకోవాల్సి వచ్చింది. కానీ అన్నిటికంటే పైనున్న మందపాటి షేల్ పొర గ్యాస్‌ని ఆపింది. అందులో సందులు మరీ సన్నం, వాటి నిండా నీళ్లు. అచ్చం మన తడి కర్చీఫే!

నాకు అర్థమైంది ఏంటంటే, మోడల్ జోస్యం కాదు. కొలత వచ్చినప్పుడల్లా దిద్దుకునే లెక్క. మరి మీ కర్చీఫ్ ఏం చెప్పిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!