ఇసుక రేణువుకు రెండు వయసులు

కొండపల్లి అనగానే మనకు బొమ్మలే గుర్తొస్తాయి. రాళ్ళు చదివేవారికి మాత్రం ఆ కొండలే ముద్దు. బెజవాడ చుట్టుపక్కల కొండలన్నీ తూర్పు కనుమల్లోవే. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న ఈ భాగం సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట నేల లోతుల్లో విపరీతమైన వేడికి ఉడికిందని శాస్త్రవేత్తల లెక్క. ఇలాంటి లెక్కలకు ఆధారం ఎక్కువగా జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. ఇది ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం 238లో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది కాబట్టి, రెండింటి పాళ్ళూ కొలిస్తే వయసు తేలుతుంది. వినడానికి ఇంత తేలికే. చిక్కంతా, రేణువులో ఎక్కడ కొలిచారన్న దాని దగ్గరుంది.

జిర్కాన్ మొండిది. రాయి మళ్ళీ వేడెక్కినా పాత రేణువు చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. దాని చుట్టూ కొత్త పొర పేరుకుంటుంది, పాత పెంకుటింటి చుట్టూ కొత్తగా వసారా దించినట్టు. రెండింటినీ కలిపి కొలిస్తే నడిమి వయసొకటి వస్తుంది. ఆ కాలంలో అక్కడ ఏమీ జరిగి ఉండకపోవచ్చు! మామూలు మైక్రోస్కోపులో చూస్తే సరిపోదా అంటే, చాలా రేణువుల్లో లోపలిదీ పైదీ ఒకే గాజుముక్కలా కనిపిస్తాయి. అందుకే మిల్లీమీటరులో పదోవంతు ఉండే రేణువును రెజిన్‌లో బిగించి, సగానికి అరగదీసి, గాలి తీసేసిన గదిలో ఎలక్ట్రాన్లతో కొడతారు. పాత డబ్బా టీవీ తెర వెలిగింది ఈ దెబ్బకే. 1879లో విలియం క్రూక్స్ గాజు గొట్టంలో వజ్రాలను మెరిపించిందీ దీనితోనే. జిర్కాన్‌లో ముఖ్యంగా డిస్ప్రోసియం లాంటి మూలకాలు వెలుగుతాయి, యురేనియం ఎక్కువున్న చోటు మసకబారుతుంది. అప్పుడు నడుమ సన్నని చారలు ఒకదాని చుట్టూ ఒకటి, చెట్టు మొద్దులో వలయాల్లా బయటపడతాయి: కరిగిన శిలలో పెరిగిన గుర్తు అది. అంచున చారల్లేని పొర ఆ వలయాలను అడ్డంగా కోసేసి ఉంటే, అది తర్వాత వచ్చిందని అర్థం.

ఎలక్ట్రాన్ పుంజం మందం కొన్ని నానోమీటర్లే కదా, ఆ వెలుగుతో తీసే బొమ్మా అంత సన్నగా వస్తుందా? రాదు. రాయిలో దిగిన ఎలక్ట్రాన్లు చెదిరి దాదాపు మైక్రాను మేర పాకుతాయి, వెలుగు అంత మేరా పుడుతుంది. వోల్టేజి తగ్గిస్తే చెదరడం తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. అయినా వయసు కొలిచే అయాన్ పుంజానికి సాధారణంగా 20 నుంచి 30 మైక్రాన్ల చోటు కావాలి గనుక, ఎక్కడ గురిపెట్టాలో చెప్పడానికి ఈ బొమ్మ చాలు. అంతకు మించి దాన్ని నమ్మకూడదు కూడా. మసకంటే పాతదని కాదు. వేడి ద్రవాలు చారలను చెరిపేయనూవచ్చు. వెలుగు చూపేది ఏది ముందో, ఏది వెనకో మాత్రమే. ఏళ్ళ లెక్క సీసానిదే.

డెల్టాకొస్తే వ్యవహారం మరింత ముదురుతుంది. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటి ఇసుకలో రేణువుకు తల్లిరాయి పక్కన ఉండదు. నది దక్కను నల్లరాళ్ళనూ, కడప శిలాశ్రేణికి చెందిన ఇసుకరాళ్ళనూ, తూర్పు కనుమలనూ కోసుకుంటూ వచ్చింది. అంచూ నడుమా విడివిడిగా కొలిస్తే ఏ తరహా కొండలో పుట్టిందో ఊహించవచ్చు. కానీ ఒకప్పుడు ఇసుకరాయిలో చిక్కి, కోట్ల ఏళ్ళు ఆగి, మళ్ళీ విడివడి వచ్చిన రేణువులో ఆ మజిలీ గుర్తు మాత్రం ఈ వెలుగులో కనిపించదు.